చల్లబరిచిన పసిబిడ్డ మెదడులో రక్తప్రసరణను కాంతితో చూడటం: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలు పుట్టిన బిడ్డ ఏడవలేదని తెలిసిన క్షణం నుంచి అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. బిడ్డ శరీరాన్ని ఎందుకు చల్లబరుస్తారన్నది ఒక విషయం. అలా చల్లబరిచినప్పుడు మెదడులో రక్తం ఎలా ప్రవహిస్తోందో కాంతితో ఎలా కొలుస్తారు, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది రెండో విషయం. ఏ బిడ్డకు ఏ చికిత్స అన్న నిర్ణయం మాత్రం ఆ బిడ్డను కళ్లారా చూస్తున్న వైద్యులదే.

మా ఇళ్లలో బాలింత గదిలో కుంపటి పెట్టి మరీ బిడ్డకు చలి తగలకుండా చూస్తాం. ఆసుపత్రిలో బిడ్డను చల్లబరుస్తామంటున్నారు. ఇదెక్కడి వైద్యం?

కుంపటి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదన్న మాట పక్కన పెడితే, మీ పెద్దవాళ్ల ఆలోచన సరైనదే. పుట్టిన బిడ్డకు, అందులోనూ నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డకు, చలి ప్రాణాంతకం కాగలదు. చల్లబరిచే చికిత్స అందరు బిడ్డలకూ కాదు. కాన్పు సమయంలో బొడ్డుతాడు నొక్కుకుపోవడం, మాయ ముందుగానే విడిపోవడం, గర్భసంచి చిట్లడం వంటి కారణాల వల్ల మెదడుకు రక్తం, ఆక్సిజన్ అందక దెబ్బతిన్న బిడ్డలకు మాత్రమే దాన్ని ఇస్తారు. వైద్యులు ఈ స్థితిని హైపాక్సిక్ ఇస్కీమిక్ ఎన్‌సెఫలోపతి అంటారు; కేస్ షీటులో హెచ్.ఐ.ఇ. అని మూడక్షరాలు కనిపిస్తాయి.

ఈ దెబ్బ రెండు విడతలుగా తగులుతుంది. ఆక్సిజన్ అందని నిమిషాల్లో మెదడు కణాల శక్తి అడుగంటుతుంది. అది మొదటి విడత. ఊపిరి అందించి, గుండె సర్దుకున్నాక బిడ్డ కొంత కోలుకున్నట్టు కనిపిస్తుంది, ఇంటివాళ్లు కూడా గండం గడిచిందనుకుంటారు. కానీ కొన్ని గంటల తర్వాత కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు విఫలం కావడం మొదలై, మెదడు వాచి, ఫిట్స్ వచ్చి, మొదటి విడతలో బతికి బయటపడ్డ కణాలు కూడా చనిపోతాయి. ఈ రెండు విడతల మధ్య ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే శరీరాన్ని చల్లబరుస్తారు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే మెదడుకు కావలసిన ఆక్సిజన్ సుమారు 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. దానితోపాటు కణాలను చంపే రసాయన చర్యల వేగం, వాపు కూడా తగ్గుతాయి.

ఎంత చల్లబరుస్తారు? ఎంతసేపు?

పురీషనాళంలో ఉంచిన ఉష్ణోగ్రత గొట్టం 33 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ మధ్య, వీలైనంతవరకు 33.5 దగ్గర, చూపించేలా 72 గంటలు ఉంచుతారు. పుట్టిన 6 గంటలలోపు మొదలుపెట్టాలి. తర్వాత గంటకు అర డిగ్రీకి మించకుండా నెమ్మదిగా వెచ్చబరుస్తారు. ఈ పద్ధతికి ఆధారం సంపన్న దేశాల్లో జరిగిన పెద్ద చికిత్సా పరీక్షలు (క్లినికల్ ట్రయల్స్). వాటిలో తలకు మాత్రమే టోపీ తొడిగి చల్లబరిచిన ఒక పరీక్ష, ఒళ్లంతా చల్లబరిచిన ఒక అమెరికా పరీక్ష 2005లో, టోబీ అనే పరీక్ష 2009లో వెలువడ్డాయి. దాదాపు నెలలు నిండి పుట్టిన బిడ్డలకు, అంటే 36 వారాలు దాటినవారికి, మెదడు దెబ్బ మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్నప్పుడు ఈ చికిత్స ఇస్తారు.

ఆసుపత్రి దూరం కదా, దారిలో మేమే తడిగుడ్డ కప్పవచ్చా?

వద్దు. ఐసు, తడిగుడ్డ, ఫ్యాను గాలి, వీటిలో ఏదీ మీ అంతట మీరు వాడకండి. లోపలి ఉష్ణోగ్రతను కొలిచే సాధనం లేకుండా చల్లబరిస్తే అది 33 దాటి ఇంకా కిందికి జారడానికి ఎక్కువ సమయం పట్టదు. అప్పుడు గుండె లయ తప్పడం, రక్తం గడ్డకట్టకపోవడం వంటి ప్రమాదాలు వస్తాయి. పంపుతున్న వైద్యులు హీటరు ఆపించి, పదిహేను నిమిషాలకోసారి ఉష్ణోగ్రత చూసే నర్సును వెంట పంపితే, అది వేరే సంగతి.

కాంతితో పుర్రె లోపలి రక్తప్రసరణ ఎలా కనిపిస్తుంది?

కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి చూడని పిల్లలుండరు. చెయ్యి ఎర్రగా వెలుగుతుంది, ఎముకలు కనిపించవు. నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తం మింగేస్తుంది, ఎరుపు మాత్రం దాటి వస్తుంది. ఎరుపును కూడా దాటి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి, అంటే సుమారు 700 నుంచి 950 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి, చర్మాన్ని, పలుచటి పుర్రెను దాటి మెదడు పైపొర దాకా వెళ్లి, అక్కడ చెల్లాచెదురై, కొంత తిరిగి పైకి వస్తుంది. ఈ మార్గాన్ని 1977లో ఫ్రాన్స్ యోబ్‌సిస్ అనే శాస్త్రవేత్త చూపించారు. పసిబిడ్డ తల చిన్నది, ఎముక పలుచన కాబట్టి పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఈ పని సులువు.

తిరిగి వచ్చిన కాంతి నుంచి రెండు రకాల సమాచారం రాబట్టవచ్చు. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్, ఆక్సిజన్ దిగిపోయిన హీమోగ్లోబిన్ వేర్వేరు రంగుల కాంతిని వేర్వేరు పాళ్లలో మింగుతాయి కనుక, రెండు మూడు తరంగదైర్ఘ్యాలతో కొలిస్తే ఆ ప్రాంతపు రక్తంలో ఆక్సిజన్ శాతం తెలుస్తుంది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు వెనుక ఉన్న సూత్రం ఇదే. తేడా ఏమిటంటే, ఆక్సీమీటరు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉబ్బే ధమనుల రక్తాన్ని మాత్రమే లెక్కించగా, ఈ కాంతిని పంపి, తిరిగి అందుకోవడానికి తలకు అంటించిన పట్టీ అన్ని రకాల నాళాలనూ కలిపి చూస్తుంది. అందులో అధిక భాగం సిరల రక్తమే, అంటే మెదడు వాడుకోగా మిగిలినది.

రెండో సమాచారం రక్తం ఎంత వేగంగా కదులుతోందన్నది. లేజరు కాంతిని గోడ మీద వేస్తే మచ్చలో ఇసుక చల్లినట్టు మెరిసే చుక్కలు కనిపిస్తాయి. ఆ కాంతిని కణజాలంలోకి పంపినప్పుడు, లోపల ఎర్రరక్తకణాలు కదులుతుంటే, పైకి వచ్చే చుక్కల మెరుపు వణుకుతుంది. వేగం పెరిగితే వణుకు పెరుగుతుంది. మహేంద్రతనయ ఏటి నీళ్ల మీద ఎండ పడి, రెల్లుగడ్డి ఆకులపై మెరుపులు ఆడుతుంటే, నీటిని చూడకుండానే అది నిలకడగా ఉందో పారుతోందో చెప్పగలం కదా. ఒక్కొక్క కాంతికణాన్ని లెక్కపెట్టే గ్రాహకాలతో ఆ వణుకును కొలిచి, రక్తప్రసరణ సూచికగా మార్చే ఈ విద్యను 1990లలో అమెరికాలో డేవిడ్ బోయాస్, అర్జున్ యోధ్ తదితరులు అభివృద్ధి చేశారు. డిఫ్యూజ్ కోరిలేషన్ స్పెక్ట్రోస్కోపీ అని దాని పేరు.

కామెర్ల పిల్లలకు పెట్టే నీలం లైటు ఇదేనా?

కాదు. ఆ లైటు సుమారు 460 నానోమీటర్ల నీలి కాంతి, దాని పని చర్మంలోని బిలిరుబిన్‌ను మార్చడం, అది చికిత్స. ఇది కొలత మాత్రమే, బిడ్డ ఒంట్లో దేన్నీ మార్చదు. ఎక్స్-రే లాంటి ప్రమాదకర కిరణాలు ఇందులో లేవు, కాంతి బలం చర్మానికి హాని చేయని పరిమితిలోనే ఉంచుతారు. లేజరు కంట్లో పడకుండా చూడటం, పట్టీ ఒరుసుకుని చర్మం ఎర్రబడకుండా చోటు మారుస్తూ ఉండటం నర్సుల బాధ్యత.

తెర మీద మెదడు ఆక్సిజన్ సంఖ్య పెరుగుతూ ఉంటే బిడ్డ కోలుకుంటున్నట్టేనా?

వార్డు బయట నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే, అపోహ ఎక్కువగా ఉన్న చోటు కూడా ఇదే. వేలి ఆక్సీమీటరులో 98 కనిపిస్తే సంతోషించడం మనకు కోవిడ్ రోజుల నుంచి అలవాటు. తల పట్టీ సంఖ్యను ఆ కళ్లతో చూడకూడదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలోనూ అది 100 ఉండదు, సుమారు 60కీ 80కీ మధ్య ఉంటుంది, ఎందుకంటే మెదడు తన వాటా తీసుకున్నాక మిగిలినదే అక్కడ కనిపిస్తుంది.

వరి మడి సంగతి అనుకోండి. తూము గుండా మడిలోకి వచ్చే నీరు ఒక లెక్క, చివరి గట్టు తెంపు దగ్గర బయటికి పోయే నీరు ఇంకొక లెక్క. వచ్చిన నీరంతా అలాగే బయటికి పోతోందంటే మడి నిండుగా ఉందని కాదు, నీరు ఇంకడం లేదని కూడా అర్థం కావచ్చు. తీవ్రంగా దెబ్బతిన్న మెదడులో జరిగేది అదే. కణాలు చనిపోవడంతో ఆక్సిజన్ వాడేవాళ్లు తగ్గుతారు. పైగా రక్తనాళాలు తమను తాము బిగించుకునే శక్తి కోల్పోయి తెరుచుకుపోవడంతో రక్తం అవసరానికి మించి వస్తుంది. రెండూ కలిసి సంఖ్యను పైకి నెడతాయి. పుట్టిన ఒక రోజు దాటాక ఈ సంఖ్య అసాధారణంగా ఎక్కువగా ఉన్న బిడ్డల్లో తర్వాతి ఫలితాలు బాగాలేవని పలు పరిశీలనల్లో తేలింది.

అందుకే ఆక్సిజన్ శాతం ఒక్కటి చాలదు, రక్తప్రసరణ కూడా తెలియాలి అని పరిశోధకులు పట్టుబట్టారు. ఎంత రక్తం వచ్చింది, అందులో ఎంత ఆక్సిజన్ ఉంది, ఎంత మిగిలింది అన్న మూడు లెక్కలూ తెలిస్తే మెదడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో గుణించి చెప్పవచ్చు. మడి తాగిన నీటి లెక్క అది. ఇంటివాళ్లు తెర ముందు నిలబడి అంకెలు కాగితం మీద రాసుకోవడం నేను చూశాను. ఆ ఆత్రం అర్థం చేసుకోదగినదే, కానీ ఆ అంకె పెరిగిందని ఊరికి ఫోను చేసి శుభవార్త చెప్పడం తొందరపాటు.

చల్లబరిచినప్పుడు మెదడుకు రక్తం తగ్గిపోతుందట. రక్తం అందకనే కదా దెబ్బతిన్నది, మళ్లీ తగ్గిస్తారా?

తగ్గేమాట నిజమే. బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 2014లో ప్రచురించిన పరిశీలనలో, చల్లబరిచిన సమయంలో కాంతితో కొలిచిన మెదడు రక్తప్రసరణ, ఆక్సిజన్ వాడకం రెండూ తక్కువగా కనిపించాయి. అయితే అవసరం తగ్గినప్పుడు సరఫరా తగ్గడం ప్రమాదం కాదు. అవసరం తగ్గకుండా సరఫరా తగ్గితేనే ప్రమాదం. మొదటి దెబ్బ నాడు జరిగింది ఆ రెండోది. చల్లబరిచినప్పుడు గుండె కూడా నిమిషానికి 80 నుంచి 100 దాకా తగ్గి కొట్టుకుంటుంది. దాన్ని చూసి వెంటనే కంగారు పడనక్కర్లేదు.

ఇక్కడ వైద్యులను ఇబ్బంది పెట్టే చిక్కులు వేరే ఉన్నాయి. బిడ్డ వెంటిలేటరు మీద ఉండి, శ్వాస అవసరానికి మించి ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దానితో మెదడు నాళాలు ముడుచుకుంటాయి. చల్లటి శరీరంలో ఈ వాయువు తయారీయే తక్కువ కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. అలా ప్రసరణ తగ్గితే అది చికిత్స ఫలితం కాదు, సరిదిద్దవలసిన తప్పు. రక్తపోటు పడిపోయినా, మార్ఫిన్ వంటి మందులు ఇచ్చినా, చలికి రక్తం చిక్కబడినా సూచిక మారుతుంది. కాబట్టి ప్రసరణ తగ్గిందన్న వార్తకు, పక్కనే కార్బన్ డయాక్సైడ్, రక్తపోటు, ఉష్ణోగ్రత రాసి ఉన్నప్పుడే అర్థం ఉంటుంది. ఈ మాట నేను కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మెరిసే కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత చార్టు రాయడం ముందు మానేస్తారు.

మళ్లీ వెచ్చబరిచే సమయం ఎందుకు అంత జాగ్రత్త?

వెచ్చబడుతున్న మెదడు ఆక్సిజన్ అవసరం మళ్లీ పెరుగుతుంది; నాళాలు దానికి తగ్గట్టు స్పందిస్తాయో లేదో అప్పుడే బయటపడుతుంది. అప్పటిదాకా అణగి ఉన్న ఫిట్స్ ఈ గంటల్లో తిరగబెట్టవచ్చు, రక్తపోటు పడిపోవచ్చు. నిరంతరం కొలిచే కాంతి పట్టీకి అసలైన విలువ ఈ గంటల్లోనే ఉందని నా అభిప్రాయం.

స్కానింగు, ఎంఆర్ఐ ఉండగా ఇంకో యంత్రం ఎందుకు?

ఎంఆర్ఐ చిత్రం ఎంతో స్పష్టమైనది, కానీ చల్లబడి, గొట్టాల మధ్య ఉన్న బిడ్డను పదే పదే అక్కడికి తీసుకెళ్లలేరు. సాధారణంగా వెచ్చబరిచాక, పుట్టిన నాలుగు రోజుల తర్వాత తీస్తారు. మాడు మీద పెట్టి చేసే డాప్లర్ స్కానింగు పెద్ద ధమనుల్లో వేగాన్ని ఆ నిమిషానికి చెబుతుంది. ఈఈజీ మెదడు విద్యుత్తును గంటల తరబడి చూపిస్తుంది. మన స్థాయి ఆసుపత్రులకు ముందుగా సమకూరవలసిన పరికరం అదే. కాంతి పద్ధతి సూక్ష్మనాళాల ప్రసరణను మంచం దగ్గరే, ఆగకుండా చూపిస్తుంది.

దాని లోపం కూడా చిన్నది కాదు. కాంతిని పంపే చోటికీ అందుకునే చోటికీ మధ్య 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరం ఉంటే, చూపు సుమారు సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోతుకే చేరుతుంది. అంటే మెదడు పైపొర. హఠాత్తుగా ఆక్సిజన్ ఆగిన బిడ్డల్లో దెబ్బ ఎక్కువగా తగిలే థాలమస్, బేసల్ గాంగ్లియా అనే లోపలి భాగాలు దానికి అందవు. పైన అంతా సవ్యంగా కనిపిస్తూ లోపల నష్టం జరిగి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

మా బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉంది, చాయ కూడా తక్కువ. కొలత తప్పుతుందా?

జుట్టు కాంతిని బాగా మింగుతుంది, అందుకే జుట్టు లేని నుదుటి మీద పట్టీ పెడతారు. చర్మపు రంగునిచ్చే మెలనిన్ కూడా కొంత కాంతిని మింగుతుంది. తిరిగి వచ్చే కాంతి తగ్గితే లెక్క బలహీనపడుతుంది. ఈ విషయాన్ని తయారీదారులు చాలాకాలం తేలికగా తీసుకున్నారు, మన పిల్లల మీద వాడేటప్పుడు అడగవలసిన ప్రశ్నే ఇది. వ్యాక్యూమ్ కాన్పులో తల మీద రక్తం గడ్డకట్టి బుడిపె కట్టిన చోట పెడితే కొలిచేది ఆ గడ్డనే, మెదడును కాదు. తలకు చల్లటోపీ వేసే పద్ధతిలో పట్టీకి చోటే దొరకదు.

ఈ పరికరం మన జిల్లాల్లో దొరుకుతుందా?

ఆక్సిజన్ శాతం చూపే తల పట్టీలు పెద్ద నగరాల నవజాత శిశు విభాగాల్లో, గుండె ఆపరేషన్ల దగ్గర వాడుకలో ఉన్నాయి. రక్తప్రసరణను కొలిచే లేజరు పరికరం ప్రపంచంలో ఎక్కడైనా ఇప్పటికీ ప్రధానంగా పరిశోధకుల చేతిలోనిదే. అది లేదని బిడ్డకు అన్యాయం జరిగినట్టు భావించకండి. మోహన, ఆర్. ఉదయగిరి కొండల మీద అర్ధరాత్రి రెండింటికి పుట్టిన బిడ్డ సంగతి తీసుకుంటే, పుట్టగానే బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించే చేతులు ఉన్నాయా, తెల్లవారి ఎనిమిదింటిలోగా పెద్ద ఆసుపత్రి తలుపు దాటాడా అన్న రెండే ప్రశ్నలు ఫలితాన్ని ఎక్కువగా తేలుస్తాయి. గజపతి, గంజాం జిల్లాల వారికి బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, కొరాపుట్ వైపు వారికి శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, రైలు మార్గాన విశాఖపట్నం చేరగలిగిన రాయగడ వారికి కింగ్ జార్జ్ ఆసుపత్రి గుర్తుకు వస్తాయి. ఎక్కడ ఆ రోజు మంచం, వెంటిలేటరు ఉన్నాయో పంపే వైద్యుల చేత ముందే ఫోను చేయించుకుని, అప్పుడు అంబులెన్సు ఎక్కండి. రాష్ట్ర సరిహద్దు దాటవచ్చా అన్న వాదనలో గంట పోగొట్టుకోకండి.

మన దేశంలో ఈ చల్లబరిచే చికిత్స పనిచేయలేదని విన్నాం. నిజమా?

దాచవలసిన విషయం కాదు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 పెద్ద ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో జరిగిన హెలిక్స్ అనే పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మరణం, మధ్యస్థ లేదా తీవ్ర వైకల్యం కలిపి చూస్తే చల్లబరచడం వల్ల తగ్గుదల కనిపించలేదు. మరణాలు మాత్రం చల్లబరిచిన వారిలో 42 శాతం, మామూలు సంరక్షణ పొందిన వారిలో 31 శాతం. ఇలాంటి దేశాల్లో పెద్ద ఆసుపత్రి ఉన్నా ఈ చికిత్స ఇవ్వకూడదని ఆ పరిశోధకులు రాశారు. ఇంకో వర్గం వైద్యులు దాన్ని ఒప్పుకోలేదు. మన బిడ్డల్లో దెబ్బ కాన్పుకు చాలా ముందే మొదలవుతోందా, అందువల్ల 6 గంటల గడువు పుట్టేసరికే దాటిపోతోందా అన్న చర్చ నడుస్తోంది.

నా దృష్టిలో కాంతి కొలత మన ప్రాంతానికి పనికివచ్చేది ఇక్కడే. ఏ బిడ్డ మెదడు ఇంకా ఆక్సిజన్ వాడుకుంటోందో, ఏ బిడ్డలో రెండో విడత అప్పటికే మొదలైందో మంచం దగ్గరే తెలిస్తే, అందరినీ ఒకే గాటన కట్టి చల్లబరచవలసిన అవసరం ఉండదు. ఆ రోజు ఇంకా రాలేదు. అంతవరకు, మీ బిడ్డను చల్లబరుస్తామని చెప్పిన వైద్యులను హెలిక్స్ పరీక్ష గురించి అడగడం మీ హక్కు; చల్లబరచబోమని చెప్పిన వైద్యులను నిర్లక్ష్యం చేశారని నిందించడం సరికాదు.

అంగీకార పత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంది. సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

చదివి వినిపించమని అడగండి. తెలుగు వచ్చిన నర్సో, వార్డు ఆయానో బరంపురం, పర్లాకిమిడిలలో దొరకకపోవడం అరుదు. సవరలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. తల్లికి తన భాషలో చెప్పించుకోవడం ఈ గడ్డ మీద గొంతెమ్మ కోరిక కాదు. పరికరం పరిశోధన కోసం పెడుతున్నారా, చికిత్స కోసమా అన్నది ముఖ్యంగా అడగండి. పరిశోధన అయితే వద్దనవచ్చు, వద్దన్నందుకు బిడ్డ చికిత్సలో తేడా రాకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో నవజాత శిశువు చికిత్సకు, రవాణాకు డబ్బు తీసుకోరాదని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది.

ఇంటికి వచ్చాక ఏం చూసుకోవాలి?

డిశ్చార్జి కాగితంలో బిడ్డ పుట్టిన సమయం, చల్లబరచడం మొదలైన సమయం, నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, ఫిట్స్ వచ్చాయా లేదా, ఎంఆర్ఐ ఫలితం రాయించుకోండి. వేరే రాష్ట్రంలో వేరే వైద్యులకు చూపించవలసి వచ్చినప్పుడు ఇవే అడుగుతారు. వినికిడి పరీక్ష తప్పనిసరిగా చేయించండి. చల్లబరిచిన బిడ్డల్లో కొందరికి మొదటి వారాల్లో వీపు మీద, భుజాల మీద గట్టి గడ్డలు లేస్తాయి. చర్మం కింద కొవ్వు గట్టిపడటం వల్ల వచ్చే ఈ గడ్డలతో రక్తంలో కాల్షియం పెరగవచ్చు కాబట్టి, నూనె రాసి మర్దన చేయకుండా వైద్యులకు చూపించండి. మెడ నిలపడం, కూర్చోవడం, పిలిస్తే తిరగడం ఆలస్యమైతే ఆశా కార్యకర్తకు చెప్పి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రంలో నడిచే సత్వర చికిత్సా కేంద్రానికి తీసుకెళ్లండి. కనీసం 18 నెలలు నిండేవరకు ఈ రాకపోకలు మానవద్దు. హెలిక్స్ వంటి పరీక్షలు కూడా ఫలితాన్ని ఆ వయసులోనే లెక్కకట్టాయి.